పెన్న నీళ్ల వెంట: నెల్లూరులో మరో నాలుగు రోజులు

పదకొండేళ్ల కిందట మా పిన్ని కూతురి పెళ్లికి నెల్లూరు వెళ్లినప్పుడు, పెళ్లి మరునాడు మిగిలిన ఒక్క పగటిలో మగపెళ్లివారి బంధువులు మమ్మల్నందరినీ వ్యానులో ఎక్కించి ఊరు చూపించారు. పొద్దున రంగనాథస్వామి దర్శనం, అద్దాల మండపం, అక్కడినుంచి బారాషహీద్ దర్గా, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం, సాయంత్రం మైపాడు సముద్రం, తిరుగుదారిలో మలైకాజా పొట్లాలు. రాజమహేంద్రవరం తిరిగివచ్చాక నెల్లూరు చూశానని చాలామందికి చెప్పుకున్నాను. చూసినవన్నీ మంచి చోట్లే. అయితే ఒకదానికీ మరొకదానికీ ఉన్న సంబంధం ఏమిటో ఆనాడు నాకు తెలియలేదు, అడగాలని కూడా తోచలేదు.

ఈ సంక్రాంతి వెళ్లిన తరువాత నాలుగు రోజుల సెలవు దొరికింది. పిన్నీ బాబాయీ మూలాపేటలో ఉంటారు. బాబాయి నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వస్తున్నానని ఫోను చేసి, మునుపు చూసినవి కాకుండా కొత్తవి చూడాలని ఉందని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నీళ్లెంట తిరుగుదాం అమ్మాయ్, ఊరు దానంతటదే కనపడద్ది" అన్నారు. ఆ ఒక్క మాట మీదే ఈ ప్రయాణం అంతా నడిచింది.

మొదటి రోజు

రైలు పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి తూర్పు తెల్లబడుతోంది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, నది అనగానే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండుగా పరుచుకున్న నీటినే నా కన్ను వెతుకుతుంది. పెన్న అలా కనిపించదు. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, అనంతపురం, కడప సీమల ఎండల్లోంచి నడిచి, 597 కిలోమీటర్ల ప్రయాణం చివర ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకనే చూపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసి వెలిసిన జనవరిలో మాత్రం ఇసుక దిబ్బల నడుమ నీళ్లు పాయలుపాయలుగా మెరుస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఈ వంతెన మీద నేను నిద్రలో ఉన్నాను.

స్నానం, కాఫీ ముగించుకుని మొదట రంగనాథస్వామి గుడికే వెళ్లాం. దర్శనపు వరుసలో మాత్రం నిలబడలేదు. గాలిగోపురానికి నమస్కరించి నది ఒడ్డుకు నడిచాం. తిక్కన సోమయాజి భారతం రాసింది ఈ ఒడ్డునేనని నెల్లూరు వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఈ సీమను ఏలినప్పుడు, ఈ ఊరు విక్రమసింహపురిగా ఉన్నప్పుడు, విరాటపర్వం మొదలుకొని చివరిదాకా 15 పర్వాలను తిక్కన ఒక్కడే తెలుగు చేశాడు. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ ఆ పని మొదలుపెట్టింది మా రాజమహేంద్రవరంలో. అక్కడ ఒక నది ఒడ్డున మొదలైన పుస్తకం రెండు వందల ఏళ్ల తరువాత ఇక్కడ మరో నది ఒడ్డున సాగిందన్న సంగతి బడిలో చదువుకున్నదే అయినా, రెండు ఒడ్లూ చూసినదానికి అది వేరుగా తగులుతుంది. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని ఆ తరువాతి శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. అద్దంకి రెడ్డిరాజుల కొలువులోని ఆయన కూడా ఈ చుట్టుపక్కల సీమవాడే.

నేను పద్యాల గురించి ఆలోచిస్తుంటే బాబాయి గడ్డి గురించి చెప్పారు. కాటమరాజు కథలో నెల్లూరు వచ్చేది ఇక్కడే. కరువులో ఆవుల మందలతో తరలివచ్చిన గొల్లలు మనుమసిద్ధి బీళ్లలో మేపుకోవడానికి ఒప్పందం చేసుకోవడం, పుల్లరి, అంటే పశువులు మేపుకున్నందుకు కట్టే పన్ను దగ్గర మాట తేడా వచ్చి యుద్ధం దాకా పోవడం, ఆ యుద్ధంలో ఖడ్గ తిక్కన పడిపోవడం పల్లెల్లో కథగాళ్లు ఇప్పటికీ పాడతారు. ఎగువన నీరు లేనివాళ్లు దిగువన పచ్చిక ఉన్న చోటికి రావడమే ఆ కథకు మూలం. కవి తిక్కన ఇంటివాడే ఖడ్గ తిక్కన కూడా. ఒకే ఇంట్లో ఒకరు భారత యుద్ధాన్ని పద్యంలో నిలిపితే, ఇంకొకరు గడ్డి కోసం జరిగిన యుద్ధంలో ప్రాణం ఇచ్చారు.

గుడి దగ్గరినుంచి నెల్లూరు బ్యారేజీకి ఎంతో దూరం లేదు. ఎండ ముదరకముందే వెళితే దాని మీద నడవడం హాయిగా ఉంటుంది. 19వ శతాబ్దం నడుమ కట్టిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీనీ, ఎగువన సంగం దగ్గరి బ్యారేజీనీ 2022 సెప్టెంబరు 6న ఒకే రోజు ప్రారంభించారు. పర్యాటకుల పట్టికల్లో ఇది ఉండదు. నన్ను అడిగితే నెల్లూరులో మొదట చూడవలసింది ఇదే. గేట్ల వెనుక నిలిచిన నీటి మీద కొంగలు, గేట్లకు దిగువన బట్టలు ఉతికేవాళ్లు, ఇసుకలో గవ్వలు ఏరుకునే పిల్లలు, తలెత్తితే గుడి గోపురం. నగరాన్ని ఇంతగా ఒక్కచోట చూపించే చోటు నాకు మరొకటి కనిపించలేదు.

బాబాయి నన్ను అక్కడితో వదలలేదు. కుడిగట్టు మీద కాలువలు తలెత్తే చోటికి తీసుకువెళ్లి ఒక్కొక్కటీ చూపించారు. సర్వేపల్లి కాలువ నగరం మధ్యగా పారి దక్షిణాన సర్వేపల్లి చెరువుకు వెళుతుంది. రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు ఆ ఊరిదే. జాఫర్ సాహెబ్ కాలువ తూర్పు పొలాలకు పోతుంది. వేల ఎకరాల తడి ఒక మనిషి పేరు మీద నడవడం నాకు నచ్చింది. షట్టరు ఎన్ని మరలు తిప్పితే ఎంత నీరు దిగుతుందో, రాత్రిళ్లు లస్కర్లు, అంటే కాలువ కాపలా పనివాళ్లు, లాంతరు పట్టుకుని గట్టు మీద ఎలా తిరిగేవారో, వరద రోజుల్లో ఇంట్లో అన్నానికి కూర్చుంటే పూర్తిగా తిని లేస్తామన్న నమ్మకం ఎలా ఉండేది కాదో ఆయన చెబుతుంటే, నేను మా ధవళేశ్వరంలో ఎన్నోసార్లు ఊరికే చూసి వచ్చిన తలుపులకు కూడా ఇలాంటి కథలే ఉంటాయి కదా అనిపించింది. 2021 నవంబరు వరదలో పెన్న పొంగి ఊళ్లలోకీ జాతీయ రహదారి మీదికీ వచ్చినప్పుడు, రిటైరైన మనిషి అయినా ఆయన రాత్రంతా మెలకువగా కూర్చున్నారని తరువాత పిన్ని చెప్పింది.

తలెత్తిన చోట తేటగా ఉన్న సర్వేపల్లి కాలువ, ఇళ్ల మధ్యకు వచ్చేసరికి ప్లాస్టిక్ సంచులతో, మురుగుతో నల్లబడుతుంది. చూడవలసిన చోట్లలో దీన్నీ చేర్చుతున్నాను, ఎందుకంటే దీన్ని చూడకపోతే ముందు చూసిన తేటనీటి విలువ సగమే తెలుస్తుంది. గట్టు వెంట అర కిలోమీటరు నడిచేసరికి బాబాయి మాట్లాడడం మానేశారు.

రాత్రి ఇంటి దగ్గరి బండి మీద కారం దోశ తిన్నాం. వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారాన్ని దోశంతా పులిమి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాల్చే ఆ దోశ కోసం మళ్లీ మళ్లీ నెల్లూరు రావచ్చు.

రెండవ రోజు

ఈ రోజు ఊళ్లోనే, ఎక్కువగా కాలినడకన గడిచింది. మూలాపేటలో ఉన్నాం కనుక మూలస్థానేశ్వరస్వామి గుడితో మొదలుపెట్టాం. నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు కింద వెలసిన లింగం చుట్టూ ఊరు పెరిగింది కాబట్టి నెల్లూరు అయిందని స్థలపురాణం. తమిళంలో నెల్లు అంటే వడ్లు కాబట్టి వరి పండే ఊరు నెల్లూరు అయిందని ఇంకో వాదం. పొలాలు చూసినవాళ్లకు రెండవదాని మీదే మొగ్గు కలుగుతుంది, గుడిలో నిలబడితే మొదటిదాని మీద. నేను ఏదీ వదులుకోదలచుకోలేదు.

పాత వీధుల్లో తిప్పరాజువారి వీధికి వెళ్లాం. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తమ పూర్వీకుల ఇంటిని వేదపాఠశాల కోసం 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి అప్పగించారు. ఆయన కన్నుమూసింది ఆ సెప్టెంబరులోనే. వీధిలో నిలబడి కొంచెంసేపు చూసి వచ్చాం. అది చదువు చెప్పే చోటు, సందర్శనశాల కాదు.

కోటమిట్టకు వెళితే కోట కనపడదు. పేరే మిగిలింది. 1757లో ఫోర్డ్ అనే ఆంగ్లేయ సేనాని నెల్లూరు కోటను ముట్టడించి, ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లాఖాను చేతిలో నుంచి దాన్ని తీసుకోలేక వెనుదిరిగాడు. అంతటి కోట ఉన్న చోట ఇప్పుడు కిరాణా కొట్లు, సైకిలు రిపేరు అంగళ్లు, ఇరుకు సందులు ఉన్నాయి. ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చుని, అక్కడి పెద్దాయనను కోట గోడ ఎక్కడ ఉండేదని అడిగితే, "యాడుంటే ఏముంది సామీ, మిట్ట మాత్రం మునగదు, ఎంత వానొచ్చినా" అన్నారు. కోట కట్టినవాళ్లు ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఆ మాటతో నాకు అర్థమైంది.

నెల్లూరు పాతదనాన్ని గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఈ ఊరి దగ్గర దొరికిన రోమను నాణేలది. 1787 నాటి ఒక ఉత్తరంలో అది ఉంది. నెల్లూరుకు దగ్గరలో ఒక రాతి గుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్, ఫాస్టీనాల ముద్రలున్న, 2వ శతాబ్దపు నాణేలవి. రైతు వాటిని పాత బంగారం ధరకు అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి, 30కి పైగా మాత్రం నవాబు కుటుంబం వారి చేతికి వచ్చి మిగిలాయి. కరిగిపోయిన నాణేలు ఎవరెవరి పుస్తెలూ కమ్మలూ అయి ఉంటాయో అని ఆ మధ్యాహ్నమంతా అనిపిస్తూనే ఉంది.

అక్కడినుంచి స్టోన్‌హౌస్‌పేటకు వెళ్లాం. స్టోన్‌హౌస్ అనే కలెక్టరు పేరు మీద వచ్చిన పేట ఇది. టోకు వ్యాపారానికి పుట్టిల్లు. చూడడానికి కట్టడాలు లేవు, వినడానికి ఉన్నాయి. ధాన్యం బస్తాల మధ్య నిలబడి మాటలు వింటే, ఈ ఊరి కొలతలు వేరని తెలుస్తుంది. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోల వడ్లు. ఇళ్ల స్థలాలు గజాల్లో కాక అంకణాల్లో కొంటారు, ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు. మూలాపేటలో పిన్ని వాళ్ల ఇల్లు ఎన్ని అంకణాలో నాకు పదకొండేళ్లుగా తెలుసు, ఆ లెక్క గజాల్లో ఎంతో ఇప్పుడు తెలిసింది.

బియ్యం సంగతి అడిగితే ఒక వర్తకుడు పని ఆపి మరీ చెప్పారు. ఒకప్పుడు నెల్లూరు పేరు నిలబెట్టింది మొలగొలుకులు. సన్నగా, తెల్లగా ఉడికే ఆ బియ్యం కోసం మద్రాసు వాళ్లు ఎదురుచూసేవారట. ఇప్పుడు బజారులో ఎక్కువగా వినపడే నెల్లూరు మసూరి ఇక్కడి వరి పరిశోధన స్థానంలో తయారైన రకం. రైతులు దాన్ని ఎన్‌ఎల్‌ఆర్ 34449 అని అంకెలతోనే పిలుస్తారు. మొలగొలుకులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఆయన నవ్వి, ఎవరైనా తమ ఇంటి తిండికి నాలుగు సెంట్లలో వేసుకుంటే వేసుకోవాలి అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఒక ఊరి పేరును నూరేళ్లు మోసిన గింజ ఆ ఊరి బజారులోనే అడిగి తెలుసుకోవలసినదైపోయింది.

మధ్యాహ్నం తరువాత పురమందిరానికి వెళ్లాం. రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరు మీదున్న ఈ టౌన్‌హాలులో నాటకాలు, సభలు, కవి సమ్మేళనాలు జరుగుతాయి. అక్కడే వర్ధమాన సమాజం గ్రంథాలయం ఉంది. రెండోసారి ఒక ఊరికి వెళ్లేవారికి నేను చెప్పగల ఒక్క ఉపాయం ఏదైనా ఉంటే, అది ఆ ఊరి పాత గ్రంథాలయంలో ఒక పూట కూర్చోవడం. బల్లల ముందు ఎక్కువగా పెద్దవాళ్లే ఉన్నారు. నేను తెలుగు పత్రిక తెరిచి కూర్చున్న పది నిమిషాలకే పక్కనున్నాయన ఏ ఊరు, ఎవరింటికి వచ్చారు అని అడిగి, మా బాబాయి పేరు వినగానే కుర్చీ దగ్గరికి జరిపారు. ఈ ప్రయాణానికి ముందు నేను చదివిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం ప్రసంగం వచ్చింది. 1905లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ సంకలనంలో రాజుల గెలుపుల కన్నా గుడికీ చెరువుకూ ఇచ్చిన పొలాల లెక్కలే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయని చెప్పాను. ఆయన వెంటనే దశబంధం గురించి చెప్పారు. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద పారే భూమిలో కొంత మాన్యంగా ఇచ్చే పాత పద్ధతి అది. నీటిని నిలబెట్టినవాడికి నీటిలో వాటా. బాబాయి ముఖం వెలిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పిన్ని బొమ్మిడాయి చేపల పులుసు దించి పక్కన పెట్టింది. చింతపండు పులుసులో పచ్చిమామిడి ముక్కలు వేసి వండే ఆ పులుసు మీద ఎర్రగా నూనె తేలుతోంది. గిన్నె మీద చెయ్యి వేయబోతే, "ఇప్పుడే తినబాకమ్మాయ్, రాత్రంతా ఊరాల, రేపు పొద్దన చూడు" అంది. ఆ రాత్రి పప్పుచారుతో సరిపెట్టుకున్నాం.

మూడవ రోజు

పొద్దున వేడి అన్నంలో నిన్నటి పులుసు వేసుకుని తిన్నాక పిన్ని మాట ఎంత నిజమో తెలిసింది. ముక్క చెదరలేదు, పులుపు లోపలిదాకా దిగింది. హోటళ్లలో ఆ పూటకాపూట వండి పెట్టే పులుసుకు ఈ రుచి రాదు. పదకొండేళ్ల కిందట నేను తిన్నది అలా ఆ పూట వండిన పులుసే.

ఆటో మాట్లాడుకుని ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడుకు వెళ్లాం. పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. పినాకిని పెన్నకే పాత పేరు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఈ ఆశ్రమాన్ని నెలకొల్పారు. పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడు నిలిచిన పార్శీ రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో భవనం లేచింది. సబర్మతి తరువాత అంతటి పేరు ఉన్న ఆశ్రమమని జిల్లావాళ్లు గర్వంగా చెబుతారు. మైపాడుకు వెళ్లే వేలమందిలో ఇటు తిరిగేవారు చాలా కొద్దిమందే. నేను కూడా మొదటిసారి ఈ ఆశ్రమం సంగతే తెలియకుండా మైపాడు వెళ్లి వచ్చాను.

ఆవరణలో చెట్ల నీడ, పాత పెంకుల కింద చల్లదనం, గోడల మీద ఫోటోలు. మేం వెళ్లినప్పుడు ఇంకెవరూ లేరు. గది బయట అరుగు మీద కూర్చుంటే నది వైపు నుంచి గాలి వస్తోంది. ఇక్కడ నూలు వడికారు, హరిజన బాలలకు చదువు చెప్పారు, జైళ్లకు వెళ్లి మళ్లీ తిరిగివచ్చి ఇక్కడే నేల ఊడ్చారు. పెద్ద పెద్ద సభలు జరిగిన చోట్ల కంటే ఇలా రోజువారీ పని జరిగిన చోటనే ఆ కాలం నాకు దగ్గరగా తోస్తుంది.

కనకమ్మ గురించి ఇంకొంత చెప్పాలి. 1892లో పుట్టిన ఆమెకు బడి చదువు లేదు. ఇంట్లోనే చదువుకుని కవిత్వం రాశారు, పొట్లపూడిలో సుజనరంజనీ సమాజాన్ని నడిపారు, జైలుకు వెళ్లారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని ప్రారంభించారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. మా పిన్ని చదివింది ఆ బడిలోనే. పదకొండేళ్ల కిందట పెళ్లివారి వ్యాను ఆ బడి ముందునుంచి పోయిందట. ఎవరూ వేలెత్తి చూపించలేదు, పిన్ని కూడా చెప్పలేదు. "నువ్వు అడగలా, నేను చెప్పలా" అంది రాత్రి ఈ మాట వచ్చినప్పుడు.

పల్లిపాడు నుంచి మైపాడు దారి పట్టాం. వరి నాట్లు కుదురుకుని పచ్చబడిన పొలాలు, వాటి నడుమ రొయ్యల గుంటలు, గుంటల్లో నురగలు లేపుతూ తిరిగే గాలిచక్రాలు, ఇంకా తూర్పుకు పోతే సరుగుడు తోటలు. మంచినీటి పంటా ఉప్పునీటి పెంపకమూ పక్కపక్కనే సాగుతున్న ఈ కొద్ది దూరం చూస్తే, జిల్లాలో ఏ రైతుకు ఏ చింత ఉంటుందో కొంతవరకు తెలుస్తుంది. గుంటల పక్క పొలంలో చవుడు తేలుతుందని ఒక రైతు గట్టు మట్టి గీకి చూపించారు. ఆయన తమ్ముడే ఆ గుంట వేశాడట.

సముద్రం ముందు బకింగ్‌హాం కాలువ అడ్డం వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. ఆటో ఆపించి వంతెన మీద దిగాం. 1806లో మద్రాసు దగ్గర కొద్ది దూరంతో మొదలై, 19వ శతాబ్దమంతా పెరుగుతూ తీరం వెంట సాగిన ఈ పడవల దారికి, 1876-78 నాటి ఘోరమైన కరువులో కూలి కోసం వచ్చినవాళ్ల చేత చాలా పని చేయించారు. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దీనికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు పోయిన కాలువలో ఈరోజు ఒక మనిషి నడుము లోతు నీటిలో నిలబడి వల విసురుతున్నాడు. మూడుసార్లు విసిరేదాకా చూశాం. మూడోసారి ఏవో చిన్న చేపలు పడ్డాయి.

మైపాడు సముద్రం పదకొండేళ్ల కిందట ఎలా ఉందో అలాగే ఉంది. కాళ్లు తడుపుకుని వచ్చేశాం.

నాలుగవ రోజు

రాత్రి బండికి తిరుగు ప్రయాణం. పగలంతా నది ఎగువకు వెళ్లాలన్నది బాబాయి ఏర్పాటు. ముందు పెన్న దాటి కోవూరు దగ్గరి పాటూరులో ఆగాం. నెల్లూరు వచ్చినవాళ్లకు వెంకటగిరి చీరల పేరే తెలుసు. ఇంత దగ్గరలో మగ్గాలు ఆడే ఊరు ఉందని నాకూ తెలియదు. ఒక ఇంట్లో గుంట మగ్గం ముందు భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతోంది. లేత ఆకుపచ్చకు వంగపండు రంగు అంచు. చీర నేయడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, కరెంటు, కళ్లు, ఆరోగ్యం అన్నీ బాగుంటే నాలుగైదు రోజులని చెప్పారు. మగ్గం మీదున్నది అప్పటికే ఒకరికి మాట ఇచ్చారు. అలాంటిదే ఇంకొకటి నేయమని చెప్పి, సగం డబ్బు ఇచ్చి, పిన్ని వాళ్ల చిరునామా రాసి వచ్చాను.

బుచ్చిరెడ్డిపాళెంలో కోదండరామస్వామి గుడి ముందు తలెత్తి గోపురం చూసి, నీడలో పది నిమిషాలు నిలబడ్డాం. 1955-56లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి ఈ ఊరివారే. శాంతినికేతనంలో చదువుకుని టాగూరు రచనలను తెలుగులోకి తెచ్చారు. ఊరికి దగ్గరలోనే కనిగిరి రిజర్వాయరు. కనిగిరి పట్టణంతో దీనికి సంబంధం లేదు, పేరు విని చాలామంది పొరబడతారు. సంగం నుంచి వచ్చే నీరు ఇక్కడ నిలిచి కోవూరు వైపు పొలాలకు పంచుకుపోతుంది. గట్టు మీద బాబాయి చెప్పులు విడిచి నడిచారు. తన ఉద్యోగంలో మొదటి మూడేళ్లు ఇక్కడేనట. తూము దగ్గర రాతి మీద నీటిమట్టం గుర్తులు చూసి, "నిండుగానే ఉండాది, ఎడగారుకు కూడా ఇబ్బంది లేదు" అని తనలో తాను అనుకున్నారు. ఎడగారు అంటే ఇక్కడ పెద్దపంట కోశాక వేసే రెండో పంట.

సంగం చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. 19వ శతాబ్దం చివరి పాదంలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీకి, అది ప్రారంభమైన 2022లోనే మరణించిన మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ఇంకా ఎగువన సోమశిల జలాశయం. అక్కడిదాకా వెళ్లే వ్యవధి లేదు. సోమశిలలో వదిలిన నీరు సంగం దగ్గర ఆగి, నెల్లూరు దగ్గర మళ్లీ ఆగి, మిగిలితే ఊటుకూరు చేరుతుంది. మొదటి రోజు బ్యారేజీ మీద విన్నదంతా ఇప్పుడు ఒక వరసలో కుదిరింది. బాబాయి తెచ్చిన మజ్జిగ తాగి వెనక్కి బయలుదేరాం.

సాయంత్రం స్వర్ణాల చెరువు దగ్గర ఆగాం. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు లక్షలమంది వచ్చేది ఈ చెరువుకే. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని కోరికకు ఒక రొట్టె. కోరిక ఉన్నవాళ్లు నీటిలో దిగి, తీరినవాళ్ల చేతి నుంచి అందుకుంటారు, తమది తీరాక మరో ఏడాది వచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులా ముస్లిములా అని ఎవరూ అడగరు. పిన్ని ఒకప్పుడు ఇక్కడ సంతాన రొట్టె పట్టిందని నాకు ఇప్పుడే తెలిసింది. నేను వెళ్లిన పెళ్లి ఆ బిడ్డదే. పండుగ లేని ఈ జనవరి సాయంత్రం మెట్ల మీద నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. దర్గాలో దీపాలు పెట్టారు. ఆనకట్ట దగ్గర మొదటి రోజు చూసిన కాలువల నీరే ఈ చెరువుకూ వస్తుందని బాబాయి చెయ్యి చాపి దారి చూపించారు. పిన్ని ఒక మెట్టు దిగి పాదాలు తడుపుకుని వచ్చింది.

రాత్రి స్టేషనులో పిన్ని నా సంచిలో స్టీలు డబ్బా పెట్టి, మూత చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. "రైల్లో తెరవబాకు, రేపు మధ్యాహ్నానికి సరిగ్గా ఊరుద్ది" అని రెండుసార్లు చెప్పింది. బండి కదిలి కొద్దిసేపటికే పెన్న వంతెన ఎక్కింది. ఈసారి నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. కింద చీకట్లో పాయలు ఒకటి, రెండు, మూడు దాకా లెక్కపెట్టగలిగాను. సంచిలోంచి మామిడి ముక్కల పులుపు వాసన సన్నగా వస్తూనే ఉంది.